పచ్చికూరలు - పై రసములు



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. పచ్చి కూరగాయలను తఱిగి తినునపుడు వానిలో ఏమి కలుపవలెను, ఏమి కలుపరాదు అనునదియే ఆ విషయము. "ఇంతమాత్రమునకు రేడియో యెందులకు?" అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. రెండేండ్ల క్రిందటివఱకు నేనును అట్లే నవ్వియుందును. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లు పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. నాకు జరిగినదానిని, తరువాత చదివి తెలిసికొనినదానిని మాత్రమే చెప్పెదను.

రెండేండ్ల క్రిందట ఒకనాటి యుదయమున నూతికడ నిలిచియుండగా కన్నులు తిరిగి కూలబడితిని. వైద్యుడుగారు రక్తపుపోటు కొలిచి, 170కి 100 ఉన్నదని చెప్పి, మందు వ్రాసియిచ్చి, "పంతులుగారూ, మందు నేనిచ్చెదను. ఉప్పు తగ్గించుట మీ పని. ఊరగాయలు, అప్పడములు, ఊరుమిరపకాయలు తగ్గింపుడు. పచ్చికూరలు విరివిగా తినుడు" అనిరి. పుట్టి బుద్ధి యెఱిగిన నాటినుండి ఆవకాయ లేక ముద్ద దిగని మనిషికి ఇట్టి మాట ఎట్లుండునో మీరే ఊహింపగలరు.

మఱునాటినుండి మా యింట దోసకాయ, ముల్లంగి, టమాట, కారెట్టు ముక్కలు పళ్లెరములో ప్రత్యక్షమయినవి. ఉప్పు లేదు, పులుపు లేదు. మూడు దినములు ఓపికతో నమలితిని. నాలవనాడు మా ఆవిడ పెరటిలోనికి పోయిన సమయమున జాడీ మూత తీసితిని. దొంగతనము ఎంతకాలము దాగును? ఆమె చూచి, "ఏమండీ, వైద్యునకు చెప్పిన మాట ఇదియేనా?" అని మాత్రము అనెను. నేను తల వంచుకొంటిని.

పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా కుమారునికి ఈ సంగతి తెలిసి, పండుగకు వచ్చినపుడు ఒక సీసా తెచ్చెను. దానిని సాలడ్ డ్రెస్సింగు అందురట. చిక్కగా, తెల్లగా, కొంత తీపి, కొంత పులుపుగా నుండెను. దానితో ముక్కలు సులువుగా లోనికి పోయినవి. ఆరోగ్యమునకే తినుచున్నాను గదా యని పూటకు నాలుగు పెద్ద చెంచాలు పోసికొంటిని. ఒకనాడు ఊసుపోక భూతద్దముతో సీసాపై నున్న చిన్న అక్షరములు చదివితిని. నూఱు గ్రాములలో 900 మిల్లీగ్రాముల సోడియము ఉన్నదట. సోడియమును రెండున్నరతో హెచ్చవేసినచో ఉప్పు లెక్క తేలును. అనగా నూఱు గ్రాములలో రెండుంబావు గ్రాముల ఉప్పు. నాలుగు పెద్ద చెంచాలు ఇంచుమించు 60 గ్రాములు. కావున పూటకు గ్రామున్నరకు కొంచెము తక్కువ ఉప్పును, రెండు పూటలకు మూడు గ్రాములకు సమీపముగా ఉప్పును నేను "పథ్యము" పేరిట త్రాగుచుంటిని! పెద్దవారు రోజంతటికి 5 గ్రాములకు లోపుగనే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఆ 5 గ్రాములు ఒక చిన్న చెంచాను మించవు. అన్నములో, కూరలో, చారులో పడునది అంతయు ఇందులోనిదే. జాడీని మూసి సీసాను తెఱచితిని గాని, ఉప్పు మాత్రము నన్ను విడువలేదు.

సాలడు అను మాటకే ఉప్పు వేసినది అని మూలార్థము. లాటిను భాషలో ఉప్పును సాల్ అందురు. పూర్వము రోము దేశీయులు ఆకుకూరలను ఉప్పు, నూనె, పులియబెట్టిన ద్రాక్షరసముతో కలిపి తినెడివారు. ఆ పేరే నేటికిని నిలిచినది. ఈ డ్రెస్సింగునకు తెలుగున ఏమి పేరు పెట్టవలెనని యోచించితిని. కలుపు అన్నచో మన రైతులు దానిని పీకివేయుదురు! కావున నేను దీనిని పై రసము అందును.

పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. శ్రీరామనవమినాడు మనము పంచిపెట్టు వడపప్పును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నానిన పెసరపప్పులో కొబ్బరికోరు, మామిడికోరు, పచ్చిమిర్చి కలుపుదురు. వండని వస్తువునకు పులుపు, కమ్మదనము, కారము చేర్చుటయే కదా! కన్నడ దేశమున దీనినే కోసంబరి యందురు. పెరుగుపచ్చడియు ఇట్టిదే. కావున మనకు తెలిసినదానినే కొంచెము తెలివితో చేసికొనవలెను.

ఇక కారణములు చెప్పెదను. పై రసమునకు నాలుగు అంగములు గలవు: పులుపు, నూనె, ఉప్పు, ఘాటు.

మొదటిది పులుపు. పులుపు నాలుకను మేల్కొలుపును. పులుపున్నచోట ఉప్పు తక్కువైనను వెలితి అంతగా తెలియదు. ఉప్పు తగ్గింపదలచినవారికి నిమ్మకాయవంటి మిత్రుడు లేడు. అంతేగాక నిమ్మరసములోని సి విటమిను, ఆకుకూరలలోను పప్పులలోను ఉన్న ఇనుమును శరీరము గ్రహించుటకు సాయపడును. ఆ విటమిను వేడికి నశించును గనుక పచ్చి ముక్కలపై పిండుట మేలు.

రెండవది నూనె. నూనె బొత్తిగా లేకున్న మఱింత ఆరోగ్యమని మొదట నేను తలచితిని. అది పొరబాటు. కారెట్టు, టమాట, ఆకుకూరలు వీనిలోని రంగు పదార్థములు కొన్ని శరీరములో ఏ విటమినుగా మాఱి కంటికి మేలు చేయును. ఇవి నీటిలో కరగవు, కొవ్వులో కరగును. అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు 2004లో ప్రకటించిన పరిశోధనలో, కొవ్వు లేని పై రసముతో సాలడు తిన్నవారి రక్తములోనికి ఈ పదార్థములు దాదాపు చేరనేలేదని, నూనె యున్నపుడు బాగుగా చేరినవని తేలినది. కాని మితము వలెను. ఒక గ్రాము నూనె 9 కెలోరీల నిచ్చును. ఫ్రెంచివారి పద్ధతిలో మూడు పాళ్లు నూనెకు ఒక పాలు పులుపు. పొలము పని తగ్గిన మనవంటి వృద్ధులకు చెరిసగము చాలును. నువ్వులనూనె యైనను, వేరుశనగనూనె యైనను మంచిదే. ఒకమాఱు పిండివంటలు వేచిన నూనెను మాత్రము ఇందు వాడకుడు. కనరు వాసన వచ్చినదానిని పారవేయుడు.

మూడవది ఉప్పు. దీనిని ముందుగా చల్లకూడదు. ఉప్పు తగిలిన వెంటనే ముక్కలలోని నీరు బయటికి వచ్చును. ముక్క మెత్తబడును. రసము పలుచనై రుచి తప్పును. అపుడు మఱల ఉప్పు వేయ బుద్ధి పుట్టును. విస్తరి ముందు కూర్చున్న తరువాత చివరగా చిటికెడు చల్లినచో, అది ముక్కపైననే యుండి నాలుకకు నేరుగా తగులును.

నాలవది ఘాటు. ఇందు ఆవగింజ గొప్పది. ఊరక నోట వేసికొన్న ఆవగింజకు అంత ఘాటుండదు. అది నలిగి తడిసినపుడు గింజలో వేఱువేఱుగా నున్న రెండు పదార్థములు కలిసి ఘాటును పుట్టించును. వెంటనే పులుపు తగిలినచో ఆ పని మందగించును. వేడి తగిలినచో ఆగిపోవును. కావున ఆవాలను చల్లని నీటితో నూఱి, పది నిమిషములు ఆగి, పిదప పెరుగునో నిమ్మరసమునో చేర్చవలెను. ఆవపొడికి మఱియొక గుణము గలదు. నూనెయు నీరును సహజముగా కలియవు. నడుమ ఆవపొడి యున్నచో కొంతసేపు కలిసియుండును. అందుచేత రసము ముక్కలకు సమముగా అంటును.

ఈ సంగతులు తెలిసిన తరువాత మా ఆవిడయు నేనును మూడు రసములను స్థిరపరచుకొంటిమి. నలుగురికి సరిపడు కొలతలు చెప్పెదను.

మొదటిది నిమ్మనూనె. నాలుగు చిన్న చెంచాల నువ్వులనూనె, అంతే నిమ్మరసము, అర చెంచా ఆవపొడి, కొద్దిగా మిరియాలపొడి ఒక మూతగల గాజుసీసాలో పోసి బాగుగా కుదుపుడు. టమాట, ఉల్లి, కారెట్టు ముక్కలకు ఇది తగును. మనిషికి ఇంచుమించు 40 కెలోరీలు.

రెండవది నువ్వుల రసము. రెండు పెద్ద చెంచాల నువ్వులను దోరగా వేచి, జీలకఱ్ఱ, ఒక పచ్చిమిరపకాయ చేర్చి నూఱి, ఒక నిమ్మకాయ రసముతోను కొంచెము నీటితోను జారుగా చేయుడు. నువ్వులలో సగము నూనెయే గనుక వేఱుగ నూనె వలదు. దోసకాయ, ముల్లంగి ముక్కలకు ఇది మిక్కిలి రుచి. నువ్వులకు బదులు వేయించిన వేరుశనగపప్పు వాడవచ్చును. బూజు పట్టిన గింజలను మాత్రము ఏరి పారవేయవలెను. ఆ బూజు కాలేయమునకు విషము.

మూడవది ఆవపెరుగు. ఒక గిన్నెడు పెరుగులో అర చెంచా ఆవాల ముద్ద, అల్లము కోరు, కొత్తిమీర. దీనిని చేయునపుడు మా అత్తగారు ఆవాలు నూఱి, వంటింట ఇతర పనులు చూచుకొని, తరువాత పెరుగు కలుపునట. "అట్లేల చేసెడిదో నాకిప్పుడు తెలిసినది" అని మా ఆవిడ అనెను. పుస్తకము చదివి నేను తెలిసికొనినదానిని ఆ తల్లి చేతితో ఎఱిగియుండెను.

ఈ మూటికిని నలుగురికి కలిపి పావు చెంచా ఉప్పు చాలును. అనగా మనిషికి అర గ్రాము లోపు.

సీసాలు కొననేకూడదని నేను చెప్పను. కొనునపుడు చదువుడు, లేదా చదువుకొన్న మనుమలచేత చదివింపుడు. పదార్థములను ఎక్కువ మొదలు తక్కువ వఱకు వరుసగా వ్రాయుదురు. చక్కెర మొదటి రెండు మూడు పేర్లలో నున్నచో అది మధుమేహము గలవారికి తగదు. సోడియమును రెండున్నరతో హెచ్చవేయుడు. రెండు సీసాలను పోల్చునపుడు నూఱు గ్రాముల లెక్కనే పోల్చుడు. ఒక విడతకు ఇంత యని వ్రాసినది తక్కువగా కనబడి మోసపుచ్చవచ్చును.

కొన్ని జాగ్రత్తలును చెప్పవలసియున్నవి. పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనైజు అను తెల్లని ముద్దను మన పల్లెలలోను అమ్ముచున్నారు. దానివలన అస్వస్థతలు కలిగినందున తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30 నుండి ఏడాదికాలము పచ్చిగ్రుడ్డు మయొనైజును నిషేధించినది. ముసలివారు, పసివారు, గర్భిణులు దానిని ముట్టకుండుట మేలు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి దినముల తరబడి బయట నిలువ యుంచరాదు. దానిలో ప్రమాదకరమైన విషము పుట్టవచ్చును. ఏ పూట రసము ఆ పూట చేసికొనుడు. కూరలను తఱుగుటకు ముందే, త్రాగదగిన నీటితో రెండు మూడు మాఱులు కడుగుడు. దోసకాయ కొన కొఱికి చూచి, చేదుగా నున్నచో పారవేయుడు. నష్టమని తినకుడు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగియే పచ్చికూరల పరిమాణమును నిర్ణయించుకొనవలెను. "తక్కువ సోడియము ఉప్పు" అని అమ్మునదానిలో పొటాసియము ఉండును గనుక దానినిగూడ వారు అడుగకుండ వాడరాదు.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార సూచనలలో రోజునకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు చెప్పిరి. అంతయు పచ్చిగా తిననక్కఱలేదు. అందు కొంత వండినది, కొంత పచ్చిది. కాని మన విస్తళ్లలో అన్నపురాశి ప్రక్కన కూర యెంత యుండునో ఒక్కమాఱు చూచుకొనుడు.

ఇక నా సంగతి. మందు మానలేదు, మానరాదు కూడ. మందును పథ్యమును కలిసి నా రక్తపుపోటును నేటికి 130కి 80 సమీపమునకు తెచ్చినవి. జాడీలోని ఆవకాయ ఉన్నది. ఆదివారమునాడు ఒక చిన్న బద్ద నాకు దక్కును. అది యిప్పుడు మునుపటికంటె రుచిగా నున్నది. నాలుకకు అలవాటే గురువు గదా! ఉప్పు తగ్గించిన కొన్ని వారములకు నాలుకయే తక్కువ ఉప్పునకు అలవాటుపడినది.

పెద్దలారా, మన యింటి పిల్లలు మన మాట వినకపోవచ్చును గాని, మన విస్తరిని చూతురు. మొన్న మా మనుమడు నా పళ్లెరములోని నువ్వులరసపు దోసముక్క నొకటి తీసికొని, "తాతా, ఇంకొకటి" అనెను. నేటి రాత్రి భోజనమునకు ఒక నిమ్మకాయను కోసి మీ విస్తరి ప్రక్కన పెట్టించుకొనుడు. అక్కడనుండి మొదలిడిన చాలును.