ఒక్క చిట్టాలో ఒక పెద్ద కంపెనీ

మన వీధి చివరనున్న కిరాణా కొట్టు యజమాని యొద్ద ఒక చిట్టా యుండును. ఎవరికెంత అరువిచ్చినది, గోనెసంచిలో ఎన్ని కిలోల కందిపప్పు మిగిలినది, టోకు వర్తకునికి ఎంత బాకీ యున్నది అతనికి కొంత చిట్టాలోను, కొంత తలలోను ఉండును. దుకాణము చిన్నది గనుక ఆ రెండింటికిని నడుమ తగవు రాదు. పది కర్మాగారములును, నూరు గోదాములును, ముప్పది వేలమంది ఉద్యోగులును గల కంపెనీ మాట వేరు. అచ్చట కొనుగోలు వారికొక పుస్తకము, గోదాము వారికొకటి, జీతముల వారికొకటి, పన్నుల వారికొకటి. సరకు ఉన్నదని ఒక పుస్తకము చెప్పును, లేదని మరియొకటి చెప్పును. నెలాఖరున ఈ పుస్తకములకు సంధి కుదుర్చుటకే గుమాస్తాల దండొకటి రాత్రులు మేల్కొనవలసి వచ్చును.

ఈ పుస్తకములన్నిటి స్థానమున ఒకే చిట్టా నుంచుటకై పుట్టిన కంప్యూటరు ఏర్పాటును ‘ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్’ అందురు; వాడుకలో ఈఆర్‌పీ. పేరు కొంత భయము గొలుపునది గాని పని సులభముగనే బోధపడును. విజయవాడలోని వర్తకుడొకడు వేయి పెట్టెల బిస్కట్లకు ఆర్డరు పంపెననుకొందము. దానిని ఒకరు ఒక్కసారి నమోదు చేసినంతనే గోదాములోని నిల్వనుండి వేయి పెట్టెలు ఆతని పేర వేరుపరుపబడును. నిల్వ చాలనిచో ఎంత గోధుమపిండి, ఎంత చక్కెర, ఎన్ని అట్టపెట్టెలు కావలయునో కర్మాగారమునకు లెక్క పోవును. సరకు లారీ యెక్కగానే బిల్లును, దానిపై జీఎస్టీయు సిద్ధమగును; వర్తకుని ఖాతాలో బాకీ పద్దు పడును. ఎవ్వరును రెండవ మారు వ్రాయనక్కరలేదు. ఇందలి సుగుణమిదియే, అపాయమును ఇదియే. పాత పద్ధతిలో ఒక గుమాస్తా చేసిన తప్పు చాలవరకు అతని పుస్తకములోనే నిలిచిపోయెడిది. ఇచ్చట తప్పు పద్దు క్షణములో గోదామును, కర్మాగారమును, ఖజానాను చుట్టివచ్చును.

దీని చరిత్ర మరీ పాతది కాదు. 1972లో జర్మనీ దేశమందలి వైన్‌హైము పట్టణమున ఐ.బి.ఎం. కంపెనీని విడిచివచ్చిన ఐదుగురు ఇంజనీర్లు సాప్ అను సంస్థను స్థాపించిరి. ఐ.సి.ఐ. అను ప్రసిద్ధ రసాయనముల కంపెనీకి జర్మనీలో నున్న నైలాను కర్మాగారము వారి మొదటి ఖాతాదారు. ఈఆర్‌పీ అను పేరును 1990లో గార్ట్‌నర్ అను అమెరికా పరిశీలన సంస్థ ప్రచారములోనికి తెచ్చెను. 1992లో సాప్ వారి ‘ఆర్/3’ వెలువడిన తరువాత ప్రపంచమందలి పెద్ద కంపెనీలు అనేకము ఈ త్రోవ పట్టినవి. నేడు సాప్, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ మొదలగునవి ఈ బజారులో ముఖ్యులు. మన మద్రాసులో పుట్టిన రామ్‌కో కూడ కలదు. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయముల బోర్డులు చూచినవారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. తెలుగు కుటుంబములు ఎన్నింటనో ఒక కుమారుడో కోడలో దేశవిదేశములలో ఈ పనిమీదనే జీవించుచున్నారు. వారు చేయు పని యేమో ఇంటిలోని పెద్దలకు మాత్రము అంతగా తెలియదు.

ఇట్టి సాఫ్ట్‌వేరును ఎంచుట లారీని కొనుట వంటిది కాదు. లారీ నచ్చకున్న అమ్మివేయవచ్చును. దీనితో కంపెనీ పదునైదు, ఇరువది యేండ్లు కాపురము చేయవలెను. అందుచేత పెద్ద కంపెనీలు ముందుగా ప్రశ్నపత్రమొకటి సిద్ధము చేయును. అందు నాలుగైదు వందల ప్రశ్నలుండును: ‘ఇది చేయగలదా? అది చేయగలదా?’ అని. అమ్మజూపువారు అన్నిటికిని ‘చేయగలదు’ అనియే బదులు వ్రాయుదురు. మార్కులు కూడినచో అందరును నూటికి తొంబదికి పైగా తెచ్చుకొందురు. ఇట్టి పరీక్ష వలన ప్రయోజన మేమి? అనుభవజ్ఞులు సమాధానమును నాలుగు విధములుగా కోరుదురు: ఉన్నది ఉన్నట్లుగా చేయునా, కొన్ని అమరికలు మార్చిన చేయునా, ప్రత్యేకముగా ప్రోగ్రాము వ్రాసిన గాని చేయదా, అసలే చేయదా? మూడవ తరగతిలోనికి వచ్చు జవాబులను లెక్కించినచో అసలు ఖర్చు ఎచ్చట దాగియున్నదో బయటపడును.

ఈ మూడవ తరగతి ఎంత దూరము తీసికొనిపోగలదో చెప్పుటకు జర్మనీలోని లిడ్ల్ అను దుకాణముల సంస్థ కథ చాలును. వారు 2011 నుండి సాప్ ఏర్పాటు ఒకదానిని తమకనువుగా మలచుకొనుచు వచ్చిరి. చిక్కు చూచుటకు చిన్నది. ఆ సాఫ్ట్‌వేరు దుకాణములోని నిల్వకు అమ్మకపు ధరను బట్టి విలువ కట్టును. లిడ్ల్ వారి అలవాటు కొన్న ధరను బట్టి కట్టుట. సంస్థ తన అలవాటును మార్చుకొనలేదు, సాఫ్ట్‌వేరునే మార్పించెను. ఒక మార్పు మరియొక మార్పును కోరెను. ఏడేండ్లకు, అనగా 2018లో, సుమారు 50 కోట్ల యూరోలు వ్యయమైన పిదప ఆ ప్రయత్నమునే విడిచిపెట్టి పాత ఏర్పాటునకు మరలిరి. నిల్వకు ధర కట్టు పద్ధతి యేదో మొదటి నెలలోనే తేల్చుకొనవలసిన సంగతి. మన అలవాటులలో ఏవి మన వ్యాపారమునకు ప్రాణములు, ఏవి కేవలము అలవాటులు అని తేల్చుకొనకయే అంగడికి పోవుట నా యభిప్రాయమున ఈ వ్యవహారమందలి మొదటి తప్పు. అమ్మువాని తప్పు దాని తరువాతిది.

ఇక ప్రదర్శన సంగతి. అమ్మువారు తెచ్చు ప్రదర్శనలో అన్నియు సక్రమముగా నడచును. ఏలయన అందలి సరకు వారిది, ఖాతాదారులు వారివారు, పద్దులు వారు వ్రాసికొన్నవి. పెండ్లిచూపులలో పిల్ల పాడిన ఒక్క కీర్తన వంటిదది. కొనువారు తమ సొంత పద్దులనే ఇచ్చి నడిపింపుమని కోరవలెను. అందులోను సులభమైనవి గాక కష్టమైనవి: సగము పంపి సగము నిలిచిన ఆర్డరు, పగిలిన సరకును తిరిగి పుచ్చుకొనుట, ఒక రాష్ట్రమున బిల్లు చేసి వేరొక రాష్ట్రమున దించిన సరకు, గడచిన నెల తప్పును ఈ నెల దిద్దుట. పరిమాణమును గూడ పరీక్షింపవలెను. పది ఆర్డర్లను చక్కగా నడిపినది పది లక్షలను నడపునను నమ్మకము లేదు.

ఈ పరిమాణపు మాట తేలికగా తీసికొనదగినది కాదు. అమెరికాలో ఫాక్స్‌మేయర్ అని మందులను టోకుగా సరఫరా చేయు గొప్ప కంపెనీ యుండెడిది. 1993లో వారు ఆర్/3ను అమర్చుకొన మొదలిడిరి. దానితోపాటు యంత్రములతో నడచు గోదామునొకదానిని కూడ తలపెట్టిరి. వారి పాత కంప్యూటరు ఒక్క రాత్రిలో 4,20,000 ఆర్డర్లను పరిష్కరించుచుండెను. క్రొత్తది 10,000 మాత్రమే చేయగలిగెనని తరువాత వెల్లడి యయ్యెను. మూతపడనున్న గోదాముల పనివారు మనసు విరిగి పోయిరి. 1996లో కంపెనీ దివాలా తీసెను. దాని తరఫు వారు 1998లో సాప్ సంస్థ మీదను, పని చేయించిన సలహాదారుల మీదను చెరి 50 కోట్ల డాలర్లకు దావా వేసిరి. అది రాజీతో ముగిసెను. దివాలాకు ఈ యొక్క కారణమే యని చెప్పరాదు. తక్కువ ధరకు ఎక్కువ సరకు ఇచ్చుటకు ఒప్పుకొన్న బేరములును కలవు. అయినను తన రాత్రి ఆర్డర్ల సంఖ్య తనకు తెలిసిన సంస్థ ఆ సంఖ్యతో ముందుగనే ఒక పరీక్ష నడిపి చూడవలసియుండెనని ఎవరైనను అనుకొందురు.

ధర విషయమున గృహస్థుడెరిగిన న్యాయమే ఇచ్చటను వర్తించును: ఇల్లు కట్టుటకు ఇటుకల వెల యొక్కటే లెక్క కాదు. సాఫ్ట్‌వేరు లైసెన్సు వెల కంటె దానిని అమర్చు సలహాదారుల రుసుము ఎక్కువగుట సాధారణము. పాత పద్దులను శుభ్రపరచి క్రొత్తదానిలోనికి ఎక్కించుట, ఉద్యోగులకు శిక్షణ, ఏటేట చెల్లింపు—ఇవి వేరు. కొన్ని ఖర్చులు ఒప్పందములోని ఒక్క మాటలో దాగియుండును. బ్రిటనులో డియాజియో అను పానీయముల కంపెనీ తన అమ్మకందార్లకును, ఖాతాదారులకును వేరొక సాఫ్ట్‌వేరునిచ్చి, దానిని సాప్‌తో కలిపెను. అట్లు పరోక్షముగా వాడినవారందరికిని లైసెన్సు రుసుము కావలెనని సాప్ వారు 5 కోట్ల పౌండ్లకు పైగా అడిగిరి. 2017 ఫిబ్రవరిలో లండను హైకోర్టు రుసుము చెల్లింపవలసినదే యని తీర్పు చెప్పెను. ‘వాడుకరి’ యన ఎవరు అను మాటను ఒప్పందముమీద సంతకమునకు ముందే తేల్చుకొనుట మేలు.

మన దేశమున మరియొక పరీక్ష కలదు. విదేశమున తయారైన సాఫ్ట్‌వేరు మన చట్టములతో పాటు నడువగలదా? 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినది. 2020 అక్టోబరు 1 నుండి 500 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల కంపెనీలు ఎలక్ట్రానిక్ బిల్లులు చేయవలసివచ్చినది. తరువాత ఆ పరిమితి 5 కోట్లకు దిగినది. 2025 సెప్టెంబరు 22న పన్ను రేట్లే మారినవి. కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరులో ఏ పద్దును ఎప్పుడు మార్చినది తెలుపు చిట్టా తప్పక యుండవలెననియు, దానిని ఆపివేయుటకు వీలుండరాదనియు 2023 ఏప్రిల్ 1 నుండి నిబంధన యున్నది. అమ్మువానిని ‘మా చట్టములు తెలియునా?’ అని యడుగుటకంటె, ‘రేట్లు మారిన దినమున మీ ఖాతాదారులకు మార్పు ఎన్నడందినది?’ అని యడిగి, ఆ ఖాతాదారునితో స్వయముగా మాటలాడుట మేలు. అట్లు పోయినప్పుడు పై అధికారి గదిలో కాఫీ త్రాగి రాక, గోదాములో బిల్లులు కొట్టు గుమాస్తాను పలుకరింపవలెను. అతనికి దాచవలసిన దేమియు లేదు.

ప్రభుత్వ సంస్థలకును ఈ బాధ తప్పలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిలు 1999 నుండి వాడుచున్న సాప్‌ను విడిచి 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ ఏర్పాటునకు మారినది. తమ పద్ధతులను మార్చుకొనక సాఫ్ట్‌వేరునే మార్పించిరి. బ్యాంకు జమలను పద్దులతో సరిచూచు పని చెడినది. ఎవరెంత కట్టిరో తేలక ఉద్యోగులు చేతితో సరిచూడవలసి వచ్చినది. మొదట సుమారు 1 కోటి 90 లక్షల పౌండ్లనుకొన్న ఖర్చు 2023 నాటికి 10 కోట్ల వరకు పోవచ్చునని అంచనా వేసిరి. ఆ సెప్టెంబరులో కౌన్సిలు ఆవశ్యకమైన ఖర్చులు తప్ప తక్కినవి చేయజాలనని ప్రకటించెను. స్త్రీ పురుష ఉద్యోగుల సమాన వేతనపు బాకీలు అందుకు పెద్ద కారణము. ఈ సాఫ్ట్‌వేరు వ్యవహారము దానికి తోడయ్యెను. ఖర్చు కోతల బాధ పడినవారు మాత్రము ఆ నగరవాసులు.

మంచి సాఫ్ట్‌వేరును ఎంచియు తప్పు దినమున ప్రారంభించిన వారు కలరు. హెర్షీ అను అమెరికా చాక్లెట్ల కంపెనీ 11 కోట్ల 20 లక్షల డాలర్ల పనిని 48 నెలలకు బదులు 30 నెలలలో ముగింపదలచెను. ఏప్రిల్‌లో కావలసిన ప్రారంభము 1999 జూలైకి జరిగెను. అక్టోబరు 31న హాలోవీన్ పండుగ. అమెరికాలో పిల్లలందరును ఇల్లిల్లు తిరిగి మిఠాయిలు పుచ్చుకొను దినము. దుకాణములనుండి ఆర్డర్లు వెల్లువయ్యెను. చాక్లెట్లు గోదాములలో నుండెను గాని బయటికి రాలేదు. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు తీరలేదు. పండుగ రద్దీకి సరకును ఎక్కడెక్కడి ఖాళీ గదులలోనో సర్దిపెట్టు అలవాటు ఆ కంపెనీకుండెననియు, ఆ గదుల సంగతి కంప్యూటరునకు ఎవ్వరును చెప్పలేదనియు ఆ ఉదంతమును పరిశీలించినవారు వ్రాసిరి. ఆ మూడు నెలల లాభము నూటికి 19 వంతులు తగ్గెను. ఇదే కంపెనీ 2002లో అదే సాప్ క్రొత్త కూర్పునకు మారి, గడువుకు ముందే, అనుకొన్న ఖర్చునకు లోపలనే పని ముగించెను.

ప్రస్తుతము ఈ ప్రశ్న మరల అనేక కంపెనీల ముంగిట నిలిచియున్నది. పాత సాప్ కూర్పునకు మామూలు సంరక్షణ 2027 చివరితో ముగియునని ఆ సంస్థ ప్రకటించియున్నది; అదనపు రుసుముతో 2030 వరకు పొడిగింపు కలదు. ఆ తరువాతిది ఎస్/4 హానా అను క్రొత్త తరము. అందుకు పాత పద్దులను తిరుగ వ్రాసికొనవలెను, పాత మార్పులను తిరుగ బేరీజు వేసికొనవలెను. ఇరువది యేండ్ల క్రింద ఎవరో ఒక రాత్రి తొందరలో వ్రాయించిన ప్రోగ్రాము ఎందుకు వ్రాయించిరో చెప్పగలవారు రిటైరై వెళ్లిపోయిరి. అట్టి కంపెనీలు కొన్ని తమ విశ్రాంత గుమాస్తాలను మరల కబురంపి పిలిపించుకొనుచున్నవి.