విడిభాగాలు దొరకని వాల్వు రేడియో మరమ్మతు

మర్ఫీ, బుష్, ఫిలిప్స్, నేషనల్ ఎకో వంటి పాత వాల్వు రేడియోల విడిభాగాలు చాలావరకు ఇప్పుడు తయారు కావడం లేదు. అయినా వాటిలో చాలా లోపాలను సరిదిద్దవచ్చు. విడిభాగం మీది నంబరు కన్నా, సర్క్యూట్‌లో అది చేసే పని, తట్టుకోవలసిన వోల్టేజి తెలియడం ముఖ్యం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఈ సెట్లకు పెద్ద శత్రువు ఉప్పుగాలి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు తేమను పీల్చుకుని కరుగుతుంది. ఆ పొర గుండా కరెంటు లీకవుతుంది, లోహం తుప్పు పడుతుంది. బ్యాండు స్విచ్చి, వాల్వు బేసు, గ్యాంగ్ కండెన్సర్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు అవి మళ్లీ పనిచేస్తాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుఫానుల్లో తడిసిన సెట్టును పూర్తిగా ఆరబెట్టకుండా ప్లగ్గులో పెట్టకూడదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలపాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు.

కాగితపు కండెన్సర్లు తేమకు లీకవుతాయి. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు వెళ్లే కండెన్సర్ మరీ కీలకం. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వులో కరెంటు పెరిగి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. దాని స్థానంలో అదే విలువగల 630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్ వేయాలి. పాత 32 మైక్రోఫారడ్ ఫిల్టర్‌కు బదులు నేటి 33 మైక్రోఫారడ్, 450 వోల్టులది సరిపోతుంది.

ఒకే వాల్వుకు రెండు పేర్లుంటాయి. ఈసీహెచ్81, 6ఏజే8 ఒకటే. ఈఎల్84, 6బీక్యూ5 కూడా ఒకటే. యూసీహెచ్81 మాత్రం ఈసీహెచ్81కు బదులు పనికిరాదు: మొదటిదాని హీటరు 19 వోల్టులది, రెండోదానిది 6.3 వోల్టులది. యూ వరుస వాల్వులున్న ఏసీ/డీసీ సెట్లలో ఛాసిస్‌కే మెయిన్స్ తగలవచ్చు. వాటిని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పరీక్షించాలి.

రెక్టిఫయర్ వాల్వు ఈజెడ్80 దొరకకపోతే రెండు 1ఎన్4007 డయోడ్లు ఆ పని చేస్తాయి. డయోడ్‌లో వోల్టేజి నష్టం తక్కువ. పైగా మిగతా వాల్వులు వేడెక్కకముందే అది పూర్తి వోల్టేజి ఇస్తుంది. అందుకే తగిన వాటేజీ రెసిస్టెన్సును సిరీస్‌లో కలపాలి, ఫిల్టర్ కండెన్సర్లు ఆ వోల్టేజిని తట్టుకుంటాయో లేదో చూడాలి.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ చుట్లను విప్పేటప్పుడే లెక్కించి, అదే మందం ఎనామిల్ తీగతో తిరిగి చుట్టించాలి. ఆపై ఇన్సులేటింగ్ వార్నిష్ పట్టించడం తీరప్రాంతంలో తప్పనిసరి. పలాస జీడి పరిశ్రమలో మిగిలే తొక్కల నూనె నుంచి తీసే రెజిన్లు ఇలాంటి వార్నిష్‌ల తయారీకి పనికివస్తాయి. ముడి నూనె మాత్రం చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని నేరుగా పూయకూడదు.

చివరిది ట్యూనింగ్. ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్ ఉన్న సెట్టులో 927 కిలోహెర్ట్జ్ స్టేషను వినాలంటే ఆసిలేటర్ 1382 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ (ఐఎఫ్‌టి) కోర్లు పెళుసుగా ఉంటాయి కాబట్టి ఇతర లోపాలన్నీ సరిచేశాకే వాటిని కదిలించాలి.

ప్లగ్గు తీసినా ఫిల్టర్ కండెన్సర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. దాన్ని రెసిస్టెన్సు ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూశాకే లోపల చేయి పెట్టాలి. బాగుపడని సెట్టును తుక్కుకు వేయవద్దు. దాని వాల్వులు, కాయిళ్లు, గ్యాంగ్ మరో సెట్టుకు అక్కరకొస్తాయి.