క్షేత్రానికి వచ్చిన డీజిలు కొలత సరిచూడటం: కొలకర్ర నేర్పిన పాఠం

వ్యవసాయ పరిశోధనా క్షేత్రాలలో విత్తనాన్ని గ్రాములలో తూచి మళ్ళకు చేరుస్తాము. యూరియా బస్తా నాలుగు వందల గ్రాములు తగ్గినా స్టోరు రిజిస్టరులో నమోదు చేస్తాము. కానీ ట్రాక్టర్లకు, పంపుసెట్లకు, కోత యంత్రాలకు వాడే డీజిలు విషయంలో మాత్రం బిల్లుపై ఉన్న అంకెనే నమ్మి సంతకం చేస్తాము. 2018లో పుణే నగరంలో ప్రారంభమైన డీజిలు ఇంటింటి సరఫరా విధానం తరువాత ఇతర ప్రాంతాలకు విస్తరించింది. నేడు పెద్ద కమతాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, యంత్ర పరికరాల అద్దె కేంద్రాలు సైతం బౌసరు ద్వారా తమ ట్యాంకులలోకి నేరుగా ఇంధనం పోయించుకోగలుగుతున్నాయి. బంకు వద్ద మీటరు కళ్ళెదుట ఉంటుంది. క్షేత్రంలో పోయించుకున్నప్పుడు సరిచూసుకొనే బాధ్యత పూర్తిగా కొనుగోలుదారునిపై పడుతుంది. ఈ బాధ్యతను శాస్త్రీయంగా నిర్వర్తించడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక అనుభవం

కొన్ని సంవత్సరాల క్రితం నా పర్యవేక్షణలో ఉన్న క్షేత్రంలో ఖరీఫ్ దమ్ము పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులలో 450 లీటర్ల డీజిలు వచ్చింది. మా ట్యాంకు అడ్డంగా పడుకోబెట్టిన స్తూపాకారపు ఇనుప ట్యాంకు. దాని వ్యాసం 100 సెంటీమీటర్లు, పొడవు 127 సెంటీమీటర్లు, సామర్థ్యం సుమారు 1000 లీటర్లు. కొలకర్రపై ప్రతి సెంటీమీటరుకు 10 లీటర్ల చొప్పున గీతలు గీసి ఉండేవి. డీజిలు పోయక ముందు మట్టం 10 సెంటీమీటర్లు, పోసిన తరువాత 50 సెంటీమీటర్లు. కొలకర్ర లెక్కన వచ్చినది 400 లీటర్లు మాత్రమే. యాభై లీటర్ల తరుగు!

బౌసరు తెచ్చిన యువకుణ్ణి నిలదీశాము. అతడు మీటరు చీటీ చూపించి, “సార్, మీటరు మీద ముద్ర ఉంది, చూడండి. మీ కర్ర లెక్క కూడా ఒకసారి చూసుకోండి” అన్నాడు. దానిని సాకుగా భావించి బిల్లు నిలిపివేశాను. తన యజమాని ఆ తరుగును జీతంలో కోస్తాడని అతడు చెప్పిన మాట ఆ రాత్రంతా నన్ను వెంటాడింది. మరునాడు కాగితం తీసుకొని లెక్క వేశాను. దోషి అతడు కాదు, మా కొలకర్ర.

గీతల మధ్య దూరం సమానం, లీటర్లు అసమానం

పడుకోబెట్టిన స్తూపంలో ద్రవ ఉపరితలపు వెడల్పు మట్టంతో పాటు మారుతుంది. అడుగున, పైన ఇరుకుగా, మధ్యలో విశాలంగా ఉంటుంది. అందువలన ఒక సెంటీమీటరు మట్టం అన్ని చోట్లా ఒకే పరిమాణాన్ని సూచించదు. మా ట్యాంకులో 10 సెంటీమీటర్ల లోతు వద్ద ఒక సెంటీమీటరుకు 7.6 లీటర్లు, సరిగా మధ్యలో 12.7 లీటర్లు పడతాయి. ద్రవ మట్టం కింద ఏర్పడే వృత్తఖండపు వైశాల్యాన్ని, అనగా వృత్తాంశం నుండి త్రిభుజాన్ని తీసివేయగా మిగిలిన వైశాల్యాన్ని, ట్యాంకు పొడవుతో గుణిస్తే అసలు పరిమాణం లభిస్తుంది. ఆ విధంగా మా ట్యాంకుకు తయారు చేసిన పట్టిక ఇది:

10 సెం.మీ. – 52 లీటర్లు
20 సెం.మీ. – 142 లీటర్లు
30 సెం.మీ. – 252 లీటర్లు
40 సెం.మీ. – 373 లీటర్లు
50 సెం.మీ. – 499 లీటర్లు
60 సెం.మీ. – 625 లీటర్లు
70 సెం.మీ. – 746 లీటర్లు
80 సెం.మీ. – 855 లీటర్లు
90 సెం.మీ. – 946 లీటర్లు
100 సెం.మీ. – 997 లీటర్లు

10 నుండి 50 సెంటీమీటర్లకు మట్టం పెరిగినప్పుడు ట్యాంకులోకి చేరినది 447 లీటర్లు. బిల్లుకూ దీనికీ తేడా మూడు లీటర్లు మాత్రమే. ఆ తేడా మా కొలతలోని సహజ దోషానికి లోబడినదే. బిల్లు వెంటనే చెల్లించి, పొరపాటు మాదేనని ఆ యువకునికి, అతని యజమానికి స్వయంగా తెలియజేశాను.

ఇంతకంటే ఆందోళనకరమైన విషయం మరొకటి ఉంది. అదే ట్యాంకులో 75 సెంటీమీటర్ల మట్టం ఉండగా 200 లీటర్లు తెప్పించామనుకుందాం. మట్టం 95 సెంటీమీటర్లకు చేరితే పాత కొలకర్ర సరిగ్గా 200 లీటర్లు చూపుతుంది. అసలు చేరినది 176 లీటర్లే. 24 లీటర్ల తరుగు ఎవరి కంటా పడదు. ఒకే కర్ర నిజాయితీపరుణ్ణి దోషిగా నిలబెట్టి, మోసగాణ్ణి సగౌరవంగా సాగనంపుతుంది. కొలిచే సాధనమే తప్పు చెబితే కంచే చేను మేసినట్లవుతుంది.

కొలతలోని దోషాలు

సరైన పట్టిక ఉన్నప్పటికీ కొలతకు ఒక హద్దు ఉంటుంది. కర్రపై తడి గీతను రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూగా మాత్రమే చదవగలమనుకుంటే, పై ఉదాహరణలో అడుగు కొలతలో ఒకటిన్నర లీటర్లు, మధ్య కొలతలో రెండున్నర లీటర్లు, మొత్తం గరిష్ఠంగా నాలుగు లీటర్ల దోషానికి అవకాశం ఉంది. అది 447 లీటర్లలో సుమారు 0.9 శాతం. కాబట్టి ఒక్క సరఫరాలో ఒక శాతం లోపు తేడాను ఆధారం చేసుకొని ఎవరినీ అనుమానించరాదు.

ట్యాంకు వాలు రెండవ దోషం. పొడవు వెంట ఒక శాతం వాలు ఉంటే రెండు చివరల మట్టాలలో 1.27 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒక చివర నుండి కొలిస్తే, 10 సెం.మీ. వద్ద దాదాపు 5 లీటర్లు, 50 సెం.మీ. వద్ద 8 లీటర్లు తప్పుతాము. రెండూ ఒకే దిశలో తప్పడం వలన కొంత రద్దయినా మూడు లీటర్లు మిగిలిపోతాయి. కొలిచే రంధ్రం ట్యాంకు మధ్యలో ఉంటే ఈ సమస్య చాలావరకు తొలగుతుంది.

ఉష్ణోగ్రత మూడవది. డీజిలు ఘనపరిమాణం ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.083 శాతం మారుతుంది. ఎండలో తిరిగి 40 డిగ్రీల వద్ద ఉన్న 450 లీటర్లు రాత్రికి 30 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 3.7 లీటర్లు కుంచించుకుపోతుంది. ఇది ఎవరూ అపహరించినది కాదు. మధ్యాహ్నం పోయించుకొని మరునాటి ఉదయం కొలవడం వలన అనవసరపు అనుమానాలు తలెత్తుతాయి. పోసిన తరువాత నురుగు అణగి మట్టం నిలకడ చెందడానికి పది, పదిహేను నిమిషాలు ఆగి, వెంటనే కొలవాలి.

అడుగున చేరిన నీరు కూడా పరిమాణంగానే లెక్కకు వస్తుంది. కర్ర కొనకు నీటిని గుర్తించే పేస్టు రాసి దింపితే నీరు తగిలినంత మేర రంగు మారుతుంది. మా ట్యాంకులో ఒక సెంటీమీటరు నీరు అంటే 1.7 లీటర్లు. పరిమాణం స్వల్పమే అయినా ఇంజనుకు కలిగే హాని స్వల్పం కాదు.

పోయించుకొనే సమయంలో

మీటరు సున్నా వద్ద ఉన్నదీ లేనిదీ చూడటంతో సరిపోదు. వెనక్కి తిప్పడానికి వీలులేని మొత్తం లెక్క సూచికను పోయక ముందు, పోసిన తరువాత రాసుకోవాలి. ఆ రెండింటి తేడా బిల్లుతో సరిపోవాలి. మీటరు మీద తూనికలు, కొలతల శాఖ వేసిన ముద్ర, సీలు, ధ్రువీకరణ గడువు పరిశీలించాలి. ఇంధనం పోసే యంత్రాలకు ప్రతి 12 నెలలకు ధ్రువీకరణ తప్పనిసరి. గొట్టం ప్రారంభంలోనూ, ముగింపులోనూ డీజిలుతో నిండి ఉండాలి. మొదట ఖాళీగా ఉన్న గొట్టాన్ని నింపిన డీజిలు మన లెక్కలో పడుతుంది గాని మన ట్యాంకులో పడదు. బౌసరు అర ఖాళీ అయ్యే దశలో గాలి మీటరు గుండా పోయే ప్రమాదం ఉంది. గొట్టం కుదుపు, నురుగు కనిపిస్తే పోయడం ఆపమని కోరవచ్చు. పోస్తున్నంతసేపు అదే ట్యాంకు నుండి ట్రాక్టర్లకు డీజిలు ఇవ్వరాదు.

ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్రతో మీటరును పరీక్షించవచ్చు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు, అనగా 0.5 శాతం, అనుమతించదగిన తేడా. ఈ లెక్కన 450 లీటర్లలో రెండుంబావు లీటర్ల వరకు తేడాను తరుగుగా పరిగణించరాదు.

తూచి చూడటం

మన క్షేత్రాలన్నింటిలో ఉన్న ఒక సాధనాన్ని ఈ పనికి వాడుకోవడం లేదు. అది విత్తన గోదాములోని ప్లాట్‌ఫారం కాటా. 200 లీటర్ల డ్రమ్ములో డీజిలు తీసుకొనేవారికి ఇది కొలకర్ర కంటే ఎంతో కచ్చితమైన పద్ధతి. ముందుగా ఖాళీ డ్రమ్మును, తరువాత నిండిన డ్రమ్మును తూచాలి. అదే సమయంలో హైడ్రోమీటరుతో సాంద్రత కొలవాలి. ఉదాహరణకు 35 డిగ్రీల వద్ద సాంద్రత లీటరుకు 0.816 కిలోలు ఉంటే 200 లీటర్ల నికర బరువు 163.2 కిలోలు ఉండాలి. కాటా 159 కిలోలు చూపితే వచ్చినది 194.9 లీటర్లు, తరుగు ఐదు లీటర్లు. 100 గ్రాముల వరకు చూపే కాటాతో లీటరులో ఎనిమిదవ వంతు తేడా కూడా తెలుస్తుంది. గాలి ప్లవన ప్రభావం వలన 200 లీటర్లకు సుమారు పావు లీటరు మాత్రమే తక్కువగా కనిపిస్తుంది. వాహనాలను తూచే వేబ్రిడ్జి ఇంత చిన్న పరిమాణాలకు పనికిరాదు. పది కిలోల మెట్టులో చూపే వేబ్రిడ్జిలో ఒక మెట్టు అంటేనే 12 లీటర్లు.

సాంద్రత నాణ్యతకు కూడా సూచిక. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఘనపు మీటరుకు సుమారు 0.7 కిలోలు తగ్గుతుంది కనుక, 35 డిగ్రీల వద్ద 816 చూపిన డీజిలు 15 డిగ్రీల వద్ద సుమారు 830 అవుతుంది. సరఫరా పత్రంలోని సాంద్రతకూ దీనికీ మధ్య మూడు కిలోల వరకు తేడా అనుమతించబడుతుంది. అయితే డీజిలులో పది శాతం కిరోసిన్ కలిసినా సాంద్రత దాదాపు మూడు కిలోలే తగ్గవచ్చు. కనుక సాంద్రత సరిపోయినంత మాత్రాన కల్తీ లేదని నిర్ధారించరాదు.

పునరావృతి ఆవశ్యకత

ఒక్క మడి దిగుబడిని చూసి వంగడాన్ని సిఫారసు చేయము. డీజిలు విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తేదీ, ముందు వెనుకల మట్టాలు, ఉష్ణోగ్రత, సాంద్రత, మీటరు సూచికలు, బిల్లు పరిమాణం, పట్టిక పరిమాణం, తేడా, ఈ అంశాలతో ఒక రిజిస్టరు నిర్వహించాలి. యాదృచ్ఛిక దోషాలైతే తేడాలు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వస్తాయి. వరుసగా ఆరు సరఫరాలూ తక్కువగానే రావడం కేవలం యాదృచ్ఛికంగా జరగడానికి 64లో ఒక వంతు మాత్రమే అవకాశం ఉంది. అయితే పట్టికలోనే తప్పు ఉన్నా తేడాలన్నీ ఒకే వైపుకు వస్తాయి. ట్యాంకు చివరలు చదునుగా కాక ఉబ్బుగా ఉంటే పై లెక్క వర్తించదు. అందువలన కొత్త ట్యాంకును వాడుకలోకి తేకముందే ముద్ర వేసిన కొలపాత్రతో నీరు పోస్తూ పట్టికను సరిచూసి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతనే డీజిలు నింపాలి.

మా క్షేత్రంలో ఈ రిజిస్టరు ప్రారంభించిన తరువాతి సంవత్సరం మరొక సరఫరాదారు నుండి వచ్చిన డీజిలులో వరుసగా ప్రతిసారీ సుమారు రెండు శాతం తరుగు కనిపించింది. డ్రమ్ములో పోయించి తూచినా అదే ఫలితం వచ్చింది. ఈసారి వాదనకు దిగలేదు. రిజిస్టరును, తూకపు చీటీలను ఆయన ముందు ఉంచాము. మీటరును మళ్ళీ పరీక్షింపజేసి సరిచేయించారు. తరువాతి సరఫరాలలో తేడాలు రెండు వైపులా రాసాగాయి. అంగీకరించకపోయి ఉంటే తూనికలు, కొలతల శాఖకు సమర్పించడానికి అదే రిజిస్టరు సాక్ష్యంగా నిలిచేది.

భద్రత, చట్టం

డీజిలు పెట్రోలియం చట్టం ప్రకారం ‘బి’ తరగతికి చెందుతుంది. ఒక చోట మొత్తం 2500 లీటర్లకు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1000 లీటర్లకు మించకుండా ఉన్నంతవరకు నిల్వకు లైసెన్సు అవసరం లేదు. వ్యాకోచానికి చోటుంచి 95 శాతానికి మించి నింపరాదు. పోసేటప్పుడు ఎర్తింగు కలపాలి. పరిసరాలలో నిప్పు, పొగతాగడం నిషేధించాలి. కొలకర్ర నిప్పురవ్వలు పుట్టించని చెక్క లేదా ఇత్తడితో చేసినదై ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు తాము ఉన్న గ్రామంలోని ఒక అద్దె కేంద్రం లేదా ఒక రైతు ట్యాంకును కొలిచి, మట్టం–పరిమాణం పట్టిక తయారు చేసి, దానిని రేకుపై రాయించి ట్యాంకు పక్కన బిగించవచ్చు. ఇందుకు ఒక టేపు, ఒక కాల్కులేటరు, ఒక పూట సమయం చాలు. రైతుకు తాను చెల్లించిన ప్రతి లీటరుకూ లెక్క దొరుకుతుంది. నిజాయితీగా సరఫరా చేసే మనిషి తప్పుడు కర్ర వలన జీతం కోల్పోయే పరిస్థితి రాదు. ఆ రోజు “మీ కర్ర లెక్క కూడా ఒకసారి చూసుకోండి” అన్న యువకుని మాటను నేను ప్రతి తరగతిలోనూ విద్యార్థులకు చెబుతున్నాను. ఎదుటివారి కొలతను శంకించే ముందు మన కొలతను పరీక్షించుకోవడం శాస్త్రజ్ఞుని మొదటి కర్తవ్యం.