బందు గట్టిదో కాదో ఎవరు చెప్పాలి?

ఇల్లు కట్టుకునేవాళ్లు సింహద్వారం కోసం టేకు డిపోలన్నీ తిరుగుతారు. చెక్కలో గీత చూస్తారు, చేవ చూస్తారు, పైన లక్ష్మీదేవి ఉండాలా కలశం ఉండాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ తలుపును పాతికేళ్లు మోయాల్సిన బందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వడ్రంగి రాసిచ్చిన చీటీ షాపులో ఇచ్చి, మేకులతో, స్క్రూలతో పాటు సంచీలో వేయించుకుని వచ్చేస్తారు. అది ఏ లోహం, ఎంత మందం, ఎంత బరువు ఆపుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా జవాబు చెప్పగల దుకాణదారు అరుదు.

బందు మీద పడే భారాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. 30 కిలోల తలుపు, 90 సెంటీమీటర్ల వెడల్పు, పై బందుకూ కింది బందుకూ మధ్య 150 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. తలుపు బరువంతా దాని నడిమధ్యన, అంటే బందులకు 45 సెంటీమీటర్ల అవతల పనిచేస్తుంది. ఆ బరువు కిందికి దిగలాగడమే కాదు, పై బందును ద్వారబంధం నుంచి పక్కకు పెరికేందుకు చూస్తుంది. ఆ లాగుడు సుమారు 9 కిలోల బరువుకు సమానం. కింది బందును అంతే బలంతో లోపలికి నొక్కుతుంది. పాతిక కిలోల పిల్లవాడు గడియ పట్టుకుని వేలాడాడంటే పై బందు మీద మరో 15 కిలోల లాగుడు చేరి మొత్తం 24 అవుతుంది. ఏ ఇంట్లో చూసినా ముందు వదులయ్యేది పై బందు స్క్రూలే కావడానికీ, తలుపు కిందికి జారి నేలకు రాసుకోవడానికీ కారణం ఇదే.

వంటింటి కప్‌బోర్డు బందుల కష్టం ఇంకో రకం. వాటి మీద బరువు తక్కువ, తిప్పుడు ఎక్కువ. రోజుకు 20 సార్లు తెరిచి మూసే తలుపు ఏడాదిలో 7,300 సార్లు, పదేళ్లలో 73,000 సార్లు తిరుగుతుంది. లోపలి స్ప్రింగు, ఇరుసు అన్నిసార్లు ఒకేలా పనిచేయాలి. దానికి తోడు ఆవిరి, నూనె జిడ్డు, సింకు కింద చెమ్మ. మాడ్యులర్ కిచెన్‌కు లక్షలు పోసినవాళ్లు రెండేళ్లు తిరగకుండానే తలుపులు వాలిపోయాయని వాపోతే, తప్పు చాలాసార్లు ప్లైవుడ్‌ది కాదు, బందుది.

కొన్ని దేశాలు ఈ తిప్పుడును అంకెల్లోకి దింపాయి. అమెరికాలో తలుపు బందులకు వాడే ఏ156.1 ప్రమాణం ప్రకారం మొదటి శ్రేణి బందు 25 లక్షల సార్లు తిరిగినా చెడకూడదు. మూడో శ్రేణికి సైతం 3.5 లక్షల సార్ల పరీక్ష ఉంది. యూరప్‌లో ఈఎన్ 1935 ప్రమాణం ఎక్కువగా వాడే తలుపుల బందులను 2 లక్షల సార్లు తిప్పి చూడమంటుంది. యంత్రానికి బిగించి రాత్రింబవళ్లు తిప్పితే తప్ప తేలని సంగతి ఇది. షాపు కౌంటరు ముందు నిలబడి రెండుసార్లు ఆడించి చూసే కొనుగోలుదారుకు ఎలా తెలుస్తుంది?

లోహం సంగతి మరీ మోసపూరితం. బందు మీద 'ఎస్ఎస్' అని ముద్ర ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలని నమ్మేస్తాం. కానీ స్టెయిన్‌లెస్ స్టీలులోనే చాలా తరగతులున్నాయి. 304 తరగతిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 తరగతిలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలుపుతారు. ధర తగ్గుతుంది, తుప్పును తట్టుకునే శక్తీ తగ్గుతుంది. సముద్రపు గాలికి నిలవాలంటే మాలిబ్డినం కలిసిన 316 మేలు. అయస్కాంతం అంటుకోకపోతే అసలు సరుకేనని చాలామంది అనుకుంటారు. 202కూ 304కూ రెండింటికీ అయస్కాంతం దాదాపు అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష వాటి మధ్య తేడా చెప్పలేదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపట్టణాల్లో ఈ తేడా ఇంటివాళ్ల అనుభవంలోకి వస్తుంది, కానీ సరుకు కొని, బిగించి, డబ్బు చెల్లించేశాక. ప్రయోగశాలలో దీన్ని ముందే తేల్చవచ్చు: 35 డిగ్రీల వేడి ఉన్న గదిలో 5 శాతం ఉప్పునీటి తుంపరను గంటల తరబడి చల్లి, తుప్పు ఎప్పుడు మొదలవుతుందో చూస్తారు.

కొనేవాడి కంటికి కనిపించని నాణ్యతను ఎవరో ఒకరు ముందే పరీక్షించి ఉండాలి. తప్పనిసరి ధ్రువీకరణకు పునాది ఇదే.

మన దేశంలో ఆ పని భారతీయ ప్రమాణాల సంస్థది. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా మొదలై, 1987లో బీఐఎస్‌గా మారింది. ఐఎస్ఐ అన్న పాత పేరు మాత్రం ప్రమాణానికి తగ్గ వస్తువుల మీద వేసే గుర్తులో అలాగే నిలిచిపోయింది. బందులకు ప్రమాణాలు కొత్తగా పుట్టినవేమీ కావు. ఉక్కు బట్ బందులకు ఐఎస్ 1341, స్టెయిన్‌లెస్ స్టీలు వాటికి ఐఎస్ 12817, తలుపును గోడకు ఆనేదాకా తెరవనిచ్చే పార్లమెంటు బందులకు ఐఎస్ 362, రెండు వైపులా తెరుచుకునే స్ప్రింగు బందులకు ఐఎస్ 453, పొడవాటి పియానో బందులకు ఐఎస్ 3818 ఉన్నాయి. తలుపుకు బిగించే మిగతా సామానులో టవర్ బోల్టులకు ఐఎస్ 204, ఆల్డ్రాప్‌లకు ఐఎస్ 281, డోర్ క్లోజర్లకు ఐఎస్ 3564 ఉన్నాయి. అయితే ప్రమాణం ఉన్నంత మాత్రాన పాటించి తీరాలని లేదు. ఇష్టమున్న తయారీదారు గుర్తు తీసుకునేవాడు, లేనివాడు మానేసేవాడు.

ఆ ఐచ్ఛికాన్ని అవసరంగా మార్చేది నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు. బీఐఎస్ చట్టం, 2016లోని 16వ సెక్షన్ కేంద్రానికి ఆ అధికారం ఇచ్చింది. ప్రజాప్రయోజనం, ఆరోగ్యం, పర్యావరణ భద్రత, మోసపూరిత వ్యాపారాన్ని అడ్డుకోవడం, దేశభద్రత వంటి కారణాలపై ఏ వస్తువుకైనా గుర్తును తప్పనిసరి చేయవచ్చు. 2014కు ముందు ఇలాంటివి 14 ఉత్తర్వులు, వాటి పరిధిలో 106 వస్తువులు ఉండేవి. పదేళ్లు గడిచేసరికి ఉత్తర్వులు 150 దాటాయి, వస్తువులు 650 దాటాయి. ప్రెషర్ కుక్కర్లు, బొమ్మలు, హెల్మెట్ల తర్వాత ఇంటి చెక్కపని సామాను వంతు వచ్చింది. ప్లైవుడ్, ఫ్లష్ డోర్లు, ఫర్నిచర్‌తో పాటు బందులకూ పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం ఉత్తర్వు జారీ చేసింది.

ఉత్తర్వు అమల్లోకి వచ్చిన వస్తువు విషయంలో చట్టం గట్టిగానే ఉంది. గుర్తు లేకుండా తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం మాత్రమే కాదు, అమ్మకానికి నిల్వ ఉంచడం, షాపులో ప్రదర్శించడం కూడా నేరమే. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, లేదా కనీసం 2 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే కనీస జరిమానా 5 లక్షలు. సరుకు విలువకు పది రెట్ల దాకా కూడా వేయవచ్చు. 2025 మార్చిలో ఢిల్లీ, లక్నోల్లోని పెద్ద ఆన్‌లైన్ అమ్మకందార్ల గోదాముల్లో బీఐఎస్ అధికారులు సోదాలు చేసి, గుర్తు లేని గృహోపకరణాలను స్వాధీనం చేసుకున్నారు.

గుర్తు ఊరికే రాదు. ఫ్యాక్టరీలో పరీక్షించే సాధనాలు, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. బీఐఎస్ అధికారి వచ్చి తయారీని చూస్తాడు, నమూనాలను ప్రయోగశాలకు పంపుతాడు. లైసెన్సు వచ్చాక కూడా ఫ్యాక్టరీ నుంచి, బజారు నుంచి నమూనాలు తీస్తూనే ఉంటారు. విదేశీ ఫ్యాక్టరీలకూ ఇదే నియమం. చైనా నుంచి వచ్చే సాఫ్ట్ క్లోజ్ బందైనా సరే, అక్కడి ఫ్యాక్టరీకి బీఐఎస్ లైసెన్సు ఉండాలి.

ఇక్కడే అసలైన చిక్కు ఉంది. అలీగఢ్, రాజ్‌కోట్, జామ్‌నగర్‌లలో ఇలాంటి సామాను చేసేది పెద్ద కంపెనీలే కాదు. పది పన్నెండు మంది పనివాళ్లతో, రెండు మూడు ప్రెస్ యంత్రాలతో నడిచే చిన్న షెడ్లు ఎన్నో. వాళ్లకు ప్రయోగశాల పెట్టుకోవడం మోయలేని ఖర్చు. అందుకే పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం ఉత్తర్వుల్లో చిన్న పరిశ్రమలకు అదనంగా 3 నెలలు, సూక్ష్మ పరిశ్రమలకు 6 నెలల గడువు ఇవ్వడం ఆనవాయితీ అయింది. వార్షిక మార్కింగ్ రుసుములోనూ రాయితీలున్నాయి. కానీ మంచి నమూనా చేయగల చేతులున్నా, కాగితాల పని చేయలేక మూతబడే షెడ్డుకు ఆరు నెలల గడువు చాలదు. దగ్గరలో నలుగురూ కలిసి వాడుకునే పరీక్షా కేంద్రం, దరఖాస్తు నింపడంలో సాయం అందితేనే ఆ షెడ్డు నిలబడుతుంది. అది లేకుండా గడువు మాత్రమే పెంచితే, నాణ్యత పేరుతో బజారు నాలుగైదు పెద్ద కంపెనీల చేతికి పోతుంది. ధరలూ వాటి చేతిలోకే వెళతాయి.

పరిశ్రమల నుంచి వచ్చిన ఒత్తిడికి కేంద్రం కొంత వెనక్కి కూడా తగ్గింది. 2025 నవంబరులో ప్లాస్టిక్, వస్త్ర పరిశ్రమల ముడిసరుకులపై ఉన్న 14 ఉత్తర్వులను ఉపసంహరించుకుంది. ముడిసరుకు కొనే మిల్లుకు సొంత ప్రయోగశాల ఉంటుంది, సరుకు బాగా లేకపోతే తిప్పి పంపే బలం ఉంటుంది. కాబట్టి అక్కడ ఉత్తర్వు లేకపోయినా నడుస్తుంది. ఇంటికి బందు కొనే మనిషికి ఆ రెండూ లేవు. ముడిసరుకుకు వర్తించే వాదనను తలుపు బందుకు వర్తింపజేయడం సరికాదు. బందు విషయంలో నియమం ఉండాలి. అయితే అది చిన్న తయారీదారును వెంట నడిపించుకుని వెళ్లేలా ఉండాలి.

కొనేవాళ్లు చేయగలిగిన పని కొంత ఉంది. గుర్తు పైన ఐఎస్ సంఖ్య, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, లైసెన్సు ఏ వస్తువుకు ఇచ్చారన్నది, అది ఇంకా చెల్లుతుందా లేదా అన్నది కనిపిస్తాయి. సంఖ్య వేరే వస్తువుదైతే, లేదా అసలు దొరకకపోతే, అదే యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఏయే వస్తువులకు గుర్తు తప్పనిసరో, ఏ తేదీ నుంచో చూపే జాబితా బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. గడువులు మారుతుంటాయి కాబట్టి పెద్ద మొత్తంలో కొనేముందు చూసుకోవడం అవసరం. చేతిలోకి తీసుకున్నప్పుడు ఇరుసు కటకటలాడకుండా బిగువుగా తిరగాలి, రెండు రెక్కలు మూసినప్పుడు సమానంగా కలవాలి, స్క్రూ తల రంధ్రంలో రెక్కతో సమంగా కూర్చోవాలి. బరువైన తలుపుకు రెండు కాదు, మూడు బందులు వేయించాలి.

అపార్ట్‌మెంటు కొనేవాళ్లకు మరో ఆధారం ఉంది. బ్రోచర్లలో 'నాణ్యమైన ఫిట్టింగులు' అని రాసే మాటకు విలువ లేదు. ఏ రకం బందు, ఏ ఐఎస్ సంఖ్య, ఏ తరగతి స్టీలు అన్నది అమ్మకపు ఒప్పందంలోనే రాయించుకోవాలి. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), 2016లోని 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి నిర్మాణదారుడి దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాల్సిన బాధ్యత అతనిదే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రెరా అథారిటీలు పనిచేస్తున్నాయి. ఒప్పందంలో ఐఎస్ సంఖ్య ఉంటే, వాలిపోయిన తలుపు గురించి వాదించడానికి కొనుగోలుదారు చేతిలో లిఖితపూర్వకమైన ఆధారం ఉన్నట్లే.