తలకు వేసిన రంగు తివాచీకి అంటితే

అరవై దాటిన మగవాడు తలకు రంగు వేసుకోవటంలో తప్పు లేదని నేనిప్పటికీ వాదిస్తాను. ఎక్కడ కూర్చుని వేసుకున్నాడన్నదే అసలు ప్రశ్న. నేను మా ముందుగదిలో కిటికీ పక్కన, వెలుతురు బాగుందని, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్చీ కింద వున్నది పరాయివాళ్ళ తివాచీ.

సంగతి మొదటి నుంచీ చెబుతాను. మాది ఆసిఫాబాద్. నైజాం ఏలుబడిలో కొన్నాళ్ళు జిల్లా కేంద్రంగా వెలిగి, తరువాత ఆ హోదా ఆదిలాబాదుకు వదిలిపెట్టి, మళ్ళీ 2016లో కొమురం భీం పేరుతో జిల్లా కేంద్రమైన ఊరు. ఇక్కడే పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గడచిన మాఘమాసంలో మా అమ్మాయిని చూసుకోవటానికి మంచిర్యాల నుంచి పెండ్లివారు వస్తామని కబురు పెట్టారు. పిల్ల ఎమ్మెస్సీ చదివి కాగజ్‌నగర్‌లో ఇంటర్మీడియట్ వాళ్ళకు రసాయనశాస్త్రం చెబుతున్నది. అంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలు ఏవో చిన్న కారణాల మీద తప్పిపోయాయి. అందుచేత ఈసారి ఇంట్లో ఎవరి మనసూ కుదురుగా లేదు. మా ఆవిడ గోడలకు తెల్లసున్నం వేయించింది. నేను తలకు నలుపు వేద్దామనుకున్నాను.

“పెండ్లి పిల్లకా, మీకా?” అన్నది మా ఆవిడ.

“పిల్ల తండ్రి ముసలివాడని వాళ్ళు అనుకోరా?”

“అనుకుంటరు. ఉన్నదే అనుకుంటరు.”

గది నేల బోసిగా వుందని పక్కింటి ఆపాను తివాచీ అడిగింది కూడా మా ఆవిడే. ఆపా మా వీధికంతా ఆపాయే. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆమె భర్త వకీలు సాబు పోయి పన్నెండేళ్ళయింది. ఆ తివాచీ వాళ్ళ పెండ్లినాటిది, ఓరుగల్లులో నేసినది. వెన్నరంగు నేల మీద ఎర్రపూలు, అంచున నీలం. వకీలు సాబు సాయంత్రాలు దాని మీదనే కూర్చుని కాగితాలు చూసుకునేవారు. ఆయన పోయిన తరువాత ఆమె దాన్ని చుట్టి, వేపాకు వేసి, పాత దుప్పటిలో కట్టి పెట్టింది. మా పిల్ల కోసమని విప్పి యిచ్చింది. ఇస్తూ ఒక్కమాటే అన్నది: “చాయ్ పడకుండా చూడుండ్రి, మాస్టర్ సాబ్.”

చాయ్ పడకుండా చూశాను. ఆ గదిలోకి కప్పు పట్టుకుని ఎవరినీ రానివ్వలేదు.

ఓరుగల్లు తివాచీ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్ళి వచ్చిన పని అది. ఈనాడు వరంగల్ పేరు చెబితే జనానికి గుర్తుకు వచ్చేది నూలు దర్రీ, మనం జంపఖానా అని, శత్రంజి అని పిలుచుకునేది. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది దానికే. ఆపా తివాచీ ఆ జాతి కాదు. ఉన్నిది, ముడి ముడి వేసి నేసినది. గది మధ్యన దాన్ని పరచి, పక్కన ఖాళీ మిగిలితే మా యింటి నూలు జంపఖానా వేశాము. ఒకటి ఉన్ని, ఒకటి నూలు. ఈ భేదం ఎంత పెద్దదో నాకు ఆనాటి వరకు తెలియదు.

పెండ్లివారు రేపు వస్తారనగా పొద్దున స్టీలుగిన్నెలో రెండు గొట్టాలూ పిండి, పాత బ్రష్షుతో కలిపి, అద్దం కిటికీలో పెట్టుకుని మొదలుపెట్టాను. సగం తల అయింది. ఫోను మోగింది. మోగించినవాడు పెండ్లికొడుకు తండ్రి. గబుక్కున లేచాను. ఒడిలోని తువ్వాలు గిన్నెకు తగిలింది. గిన్నె మొదట తివాచీ మీద బోర్లపడి, అక్కడ నుంచి దొర్లి జంపఖానా మీద మిగిలింది కూడా వదిలింది. ఫోనులో “నమస్కారం బావగారూ” అంటున్నాను. కళ్ళెదుట గోధుమరంగు బురద మెల్లగా నల్లబడుతున్నది.

తరువాత నేను చేసినవన్నీ చేయకూడనివే. తడి తువ్వాలతో బలంగా రుద్దాను. అరచేయంత మరక పళ్ళెమంత అయింది. చలికాలం కదా, స్నానానికి కాగిన నీళ్ళు వున్నాయి, చెంబుడు తెచ్చి పోశాను. బట్టలకు వాడే బ్లీచి సీసా మూత తీస్తుండగా మా అమ్మాయి వచ్చి చేయి పట్టుకున్నది.

“బాపూ, రుద్దకు! అద్దు! ఆ సీసా అక్కడ పెట్టు!”

అమ్మాయి ఆ పూట నాకు చెప్పిన పాఠం ఇక్కడ రాస్తున్నాను. గొట్టంలో వున్నప్పుడు తలరంగుకు నలుపు లేదట. అందులో వుండేవి పారాఫినైలీన్ డయామిన్ వంటి చిన్న చిన్న అణువులు. ఈ పదార్థం 1863 నాటికే హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడి చేతిలో వుంది. 1907లో పారిస్‌లో యూజీన్ షువెలేర్ అనే యువకుడు కృత్రిమమైన తలరంగు తయారుచేసి, రెండేళ్ళకు కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీయే ఈనాటి లోరియల్. రెండో గొట్టంలో వుండేది హైడ్రోజన్ పెరాక్సైడు. రెండూ కలిసినప్పుడు చిన్న అణువులు వెంట్రుక లోపలికి దూరి, అక్కడ ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, రంగెక్కి, వచ్చిన దారిన బయటకు పోలేక వుండిపోతాయి. తల కడిగినా నలుపు పోకపోవటంలోని రహస్యం అదే. ఈ పని జరగటానికి అరగంట వరకు పడుతుంది. మరక తీసేవాడికి వున్న గడువు కూడా ఆ అరగంటే. నేను వేడినీళ్ళు పోసి ఆ గడువును తగ్గించాను.

“ఉన్ని కూడా వెంట్రుకే కదా బాపూ! మనిషి వెంట్రుకైనా, గొర్రె వెంట్రుకైనా కెరాటిన్ అనే మాంసకృత్తే. నీ తలకు ఎట్ల పడుతదో దానికీ అట్లనే పడుతది. ఇంకా బాగనే పడుతది.”

బ్లీచి మాట ఎత్తితే, ఉన్నిదారాన్ని అందులో వేస్తే కాసేపటికి దారమే కరిగిపోతుందనీ, పిల్లలకు ఏటేటా చేసి చూపిస్తుంటాననీ అన్నది. పైగా తలరంగులు కొన్నింటిలో అమ్మోనియా వుంటుంది. దాని మీద బ్లీచి పోస్తే విషవాయువు పుడుతుంది. సిర్కాతో కలిపినా అంతే, క్లోరిన్ లేస్తుంది. ముందుగదిలో మరక తీయబోయి మనిషి ఆసుపత్రి పాలు కావచ్చు. చదువరులు తక్కినవన్నీ మరిచినా ఇది మరవవద్దు.

తరువాత ఆమె చేసిన పని యిది. పైన మిగిలిన ముద్దను చెంచాతో, అంచు నుంచి మధ్యకు, ఎత్తి పారేసింది. తెల్లటి పాతగుడ్డ తెచ్చింది. రంగుగుడ్డ అయితే దాని రంగు కూడా తివాచీకి ఎక్కుతుందట. చన్నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బునీరు కొన్ని చుక్కలు, ఒక చెంచాడు తెల్ల సిర్కా కలిపి, గుడ్డను తడిపి పిండి, మరక మీద పెట్టి అరచేత్తో వత్తింది. తీసింది. గుడ్డకు నలుపు వచ్చింది. శుభ్రమైన వైపు మడిచి మళ్ళీ వత్తింది. గుడ్డకు కొంచెమైనా రంగు వస్తున్నంతసేపు అదే పని. ప్రతిసారీ బయటి అంచు నుంచి లోపలికే. తివాచీ కింద మందంగా పాత తువ్వాలు పెట్టింది, రంగు కిందికి దిగితే అది పీల్చుకోవటానికి. తరువాత చన్నీళ్ళతో అదే విధంగా సబ్బు లాగేసింది. సబ్బు మిగిలితే దుమ్ము పట్టి మరక మళ్ళీ కనపడుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి మంచినీళ్ళ డబ్బా తెప్పించింది. ఆ తరువాత గాయాలకు వాడే స్పిరిటుతో ఒకసారి అద్దింది. అంతకంటే ముందు తివాచీ మూల అడుగువైపు ఒక చుక్క వేసి, పూవు రంగు వదలటం లేదని చూసుకున్నది. వంటింటి పొయ్యి ఆర్పించింది కూడా.

మధ్యాహ్నానికి ఫలితం తేలింది. నూలు జంపఖానా మీది మరక ముప్పాతిక పోయింది. నూలు చెట్టు నుంచి వచ్చిన సెల్యులోజు; ఈ రంగు దాన్ని వెంట్రుకను పట్టినంత గట్టిగా పట్టదు. మిగిలినదాని మీద, అది తెల్లచార మీద పడింది కాబట్టి, మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు అద్ది గంటసేపు వుంచి కడిగాము. మర్నాడు ఎండలో వేస్తే పలచటి చాయ్ మరకలాగా మిగిలింది. పడీపడగానే పెరాక్సైడు పోయమని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాట వినకండి. రంగు ముదరటానికి గొట్టంలో కలిపేది అదే కదా! ముందు రంగును లాగేయాలి. కదలని మరకే మిగిలిందని తేలాక పెరాక్సైడు. అదీ తెల్లబట్టకే.

ఉన్ని తివాచీ మీద అరచేయంత నలుపు అలాగే వుండిపోయింది.

మా వీధివాళ్ళు తలొక మందు చెప్పారు. దంతపుపేస్టు అన్నారు, గరుకు పొడితో రుద్దితే పోగు చెడుతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం అన్నారు. అది కొన్ని కృత్రిమ దారాలను కరిగిస్తుంది, అతికించిన తివాచీల అడుగు జిగురును వూడదీస్తుంది. చాకలిసోడా అన్నారు, నూలుకు మంచిదే, ఉన్నికి పనికిరాదు. అద్దకం పనివాళ్ళు రంగు విరగ్గొట్టటానికి వాడే హైడ్రోస్ వుంది గదా అంటే అమ్మాయి నవ్వింది. అది మరకతో పాటు ఆపా ఎర్రపూలను కూడా తీసుకుపోతుందట. బజారులో దొరికే ప్లాస్టిక్ దారపు తివాచీ అయితే యింత గొడవే లేదు. ఆ దారం తయారయ్యేటప్పుడే రంగు కలుస్తుంది, నీళ్ళతో వచ్చిన కొత్త రంగుకు లోపలికి చోటు దొరకదు. సబ్బునీళ్ళతోనే చాలావరకు పోతుంది. చవక వస్తువుకు అదొక భాగ్యం.

ఈ హడావిడిలో నా తల సంగతి ఎవరికీ గుర్తు లేదు. అరగంట వుంచవలసిన రంగు మూడు గంటలు వున్నది, అదీ సగం తలకు. మిగతా సగం మా ఆవిడ పూర్తిచేసింది, ఒక్క మాట మాట్లాడకుండా. నుదుటి మీద బొటనవేలి వెడల్పున నల్లచార పడింది. చర్మం పైపొరలోనూ ఆ కెరాటినే వుందట. నాలుగు రోజులకు గాని పోలేదు. చెవి వెనక రెండు రోజుల ముందే ఒక చుక్క వేసి చూసుకోవాలనీ, దురద గాని వాపు గాని వస్తే ఆ రంగు జోలికి పోకూడదనీ డబ్బా మీదే రాసి వుంది. అప్పుడు చదివాను.

మర్నాడు మరక మీద టీపాయి వేశాము. పెండ్లివారు వచ్చారు. పెండ్లికొడుకు తండ్రి తల వెన్నముద్దలాగా తెల్లగా వుంది. కాళ్ళు చాపుకోవటానికి చోటు లేక ఆయన టీపాయిని కొంచెం పక్కకు జరిపాడు. మరక చూశాడు. తలెత్తి నా నుదురు చూశాడు. మళ్ళీ మరక చూశాడు. ఆయన భార్య పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఇక దాచటం దేనికని నేనే చెప్పాను. ఆ పూట వాళ్ళు అమ్మాయిని అడిగిన ప్రశ్నలన్నీ మరకల గురించే. ఆమె జంకు లేకుండా జవాబులు చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక ఆపా దగ్గరకు నేనే వెళ్ళాను. రాత్రి నిద్ర లేదు. ఏమని చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగూ మరిచిపోయి, “తివాచీ పాడుచేసిన, ఆపా” అన్నాను. ఆమె వచ్చి, వంగి, మరక మీద చేయి వేసి చాలాసేపు వున్నది. పరవాలేదు అంటుందనుకున్నాను. అనలేదు.

“రఫూ చేయించుండ్రి, మాస్టర్ సాబ్” అన్నది.

రఫూ అంటే చిరిగిన శాలువాకు చేసే పనే అనుకునేవాణ్ణి. తివాచీకీ చేస్తారు. ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రైలెక్కి, పసిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని హైదరాబాదు వెళ్ళాను. రఫూగర్ వయసు మళ్ళినవాడు. నల్లబడిన ముడులను ఒక్కొక్కటి సూదితో పీకి, అడుగునున్న నూలుపడుగును తాకకుండా, అదే రంగు ఉన్నితో మళ్ళీ ముడివేయాలి. కొత్త ఉన్ని మరీ కొత్తగా కనపడకుండా పాత తివాచీల నుంచి విప్పిన దారం దాచుకుంటాడట. ఎన్ని రోజులు పట్టిందంటే నేను రెండుసార్లు వెళ్ళి వచ్చాను. ఎంత అయిందో రాయను. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

తివాచీ యిస్తూ ఆయన ఒక మూల తిప్పి చూపించాడు. “దీనికి పాత రఫూ వున్నది, సాబ్. మంచి చేయి. ముప్పై నలభై ఏండ్ల కిందటిది.” వెన్నరంగులో చేయి పెట్టి చూస్తే గాని తెలియలేదు, దాని చుట్టూ నాలుగైదు ముడులు ఇంకా కొంచెం ఎర్రగా వున్నాయి.

ఆపాను అడిగాను. ఆమె తివాచీ పరిపించి, నా మరక వున్న చోటు వెతికి, దొరకక, సరే అన్నట్టు తలవూపింది. తరువాత ఆ మూలకు చూసింది.

“సాబు మెహందీ. ఈద్ ముందటి రాత్రి. గడ్డానికి పెట్టుకుంట నిద్రపోయిండు.” కాసేపాగి, “నేను నెల రోజులు మాట్లాడలేదు” అన్నది.

తివాచీ చుట్టబోతే వద్దన్నది. అట్లాగే పరచి వుండనిమ్మన్నది. సంబంధం సంగతేమయిందని అడిగింది. వైశాఖంలో ముహూర్తమని చెప్పాను.

“అప్పుడు మళ్ళీ తీస్కపోండ్రి” అన్నది ఆపా, నా తల వైపు చూస్తూ. “ఆ రోజు మాత్రం నువ్వు మా యింట్ల కూసోని, ఆ బండల మీద రంగు ఏస్కో.”