పిల్లల జిగురుముద్దకు వెలిగారము వలదు

ఆగిరిపల్లి ప్రాంతమున మామిడి కోతలు, బడి సెలవులు ఒక్కమారే వచ్చును. పెద్దలు తోటలకు పోగా, ఇంట మిగిలిన పిల్లలకు ‘స్లైమ్’ అను సాగెడు ముద్దపై మోజు కలుగుట సహజము. బంకలో వెలిగారపు నీరు కలిపి దీనిని చేయుదురు. వెలిగారము కడుపులోనికి పోయిన వాంతులు, విరేచనములు కలుగును. పసివాని చేయి నోటికి పోక మానునా?

కావున సెలవులకు ముందే పంచాయతీ సభ్యులు బడిలో వేరొక పద్ధతిని చూపింపవలెనని కోరుచున్నాము. రెండు గిన్నెల తెల్లని కార్న్‌ఫ్లోరునకు ఒక గిన్నె నీరు కలుపవలెను. ఇది నోట పడినను విషము కాదు. వ్రేలు మెల్లగా ముంచిన దిగును, గ్రుద్దిన గట్టిపడును. నిదానముగా కదలునపుడు పిండిరేణువులు నీటిలో జారును. వేగముగా నొక్కిన ఒకదానినొకటి ఒరసికొని బిగియును. పిల్లలు కారణమడుగక మానరు, చెప్పుడు.

ఆట ముగిసిన పిదప మురుగుకాలువలో పోయరాదు; పిండి అడుగున పేరుకొనును. గోతిలో పోసి మన్ను కప్పవలెను.