జోర్బా చిందులేసిన ఇసుకలో ఇప్పుడు గొడుగులు!

ఆఖరి సీను గుర్తుందా? కొండమీంచి దుంగల్ని దింపడానికి కట్టిన తీగల దారి కాస్తా కుప్పకూలిపోయింది. పెట్టుబడంతా గంగపాలు! పండగలా చూడ్డానికొచ్చిన ఊరి జనం తలోదిక్కూ పారిపోయారు. తీరంలో మిగిలింది ఇద్దరే. కాలుతున్న గొర్రెపిల్ల, కాస్త సారా, ముందు సముద్రం. అప్పుడు ఆ కుర్ర దొరగారు, నాకు డాన్సు నేర్పవయ్యా అంటాడు. ముసలి జోర్బా కోటు విప్పి పారేస్తాడు...

1964లో వచ్చిన ‘జోర్బా ది గ్రీక్’ చూసిన వాళ్ళెవరూ ఆ ఘట్టాన్ని మర్చిపోలేరు. చూడని వాళ్ళు సైతం ఆ సంగీతం వినే ఉంటారు. మెల్లగా మొదలై, ఊపందుకుని, చివరికి ఊపిరి సలపనివ్వని ఆ బాణీ మికిస్ థియొడొరాకిస్‌ది. అన్నట్టు, ఆ డాన్సు తరతరాలుగా వస్తున్న గ్రీకు జానపద నృత్యం అనుకునేరు! సినిమా కోసం పాత అడుగుల్ని కలిపి తయారు చేసిందే. పైగా అప్పుడు ఆంథొనీ క్విన్ కాలికి దెబ్బ తగిలి ఉందట. ఎగరడం కుదరక కాలు ఈడుస్తూ అడుగేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఈడ్పే ఇవాళ లోకమంతా గ్రీకు డాన్సు!

ఇంతకీ మన కథ ఆ తీరం గురించి. అది సెట్టు కాదు. గ్రీసు దేశపు అతిపెద్ద ద్వీపం క్రీట్‌లో, చానియా పట్నానికి దగ్గర్లో ఉన్న స్తావ్రోస్. గుండ్రటి చిన్న కడలి వంపు, ఎదురుగా బోడికొండ. దుంగలు దొర్లింది ఆ కొండమీంచే. ఈ చిత్రానికి ఆస్కార్ అందుకున్న కెమేరామన్ వాల్టర్ లసల్లీకి ఈ చోటు ఎంత నచ్చిందంటే, చివరి రోజుల్లో వచ్చి ఇక్కడే కాపురం పెట్టాడు. తన ఆస్కార్ బొమ్మని తీరం పక్కనున్న భోజన హోటల్లో అందరూ చూసేలా ఉంచాడు. పాపం, 2012లో ఆ హోటలు తగలబడి బొమ్మ కూడా బూడిదైంది. 2017లో ఆయనా క్రీట్‌లోనే కన్నుమూశాడు.

ఇప్పుడు వేసవిలో స్తావ్రోస్ వెళ్తే ఇద్దరు చిందేయడానికి చోటు వెతుక్కోవాలి. వరసగా గొడుగులు, వాటికింద అద్దె పడక కుర్చీలు. సినిమా ఒక తీరాన్ని ప్రేమిస్తే జరిగేది ఇదే. తెరమీద ఏకాంతం చూసి మనం టిక్కెట్టు కొంటాం. అక్కడికెళ్ళేసరికి అదే ఏకాంతం కోసం వచ్చినవాళ్ళు వెయ్యిమంది!

మరి నిశ్శబ్దం ఎక్కడ?

ఉంది. దాదాపు 260 కిలోమీటర్ల పొడవున్న ద్వీపమండీ! కాకపోతే దాన్ని పటంలో కాదు, గడియారంలో వెతకాలి. బాలోస్ సంగతే చూడండి. పాలూ నీలిమందూ కలిపినట్టుండే ఆ మడుగు ఫోటో చూడనివాళ్ళుండరు. కిస్సమోస్ రేవు నుంచి పెద్ద పడవలు జనాన్ని తెచ్చి దింపేది పొద్దెక్కాక. సాయంత్రానికి అందర్నీ ఎక్కించుకుపోతాయి. ఆ పడవలకంటే ముందే మట్టిరోడ్డు మీదుగా వెళ్ళి, మెట్లు దిగినవాడిదే బాలోస్. మిగతా టైములో అది తిరునాళ్ళే.

ఎలఫొనీసీదీ అదే వరస. అక్కడక్కడా గులాబీ రంగు తిరిగే ఇసుక, మోకాలి లోతు నీళ్ళు, మధ్యాహ్నానికి ఇసక వేస్తే రాలనంత జనం. (గుప్పెడు ఇసుక జేబులో వేసుకోబోయేరు, నేరం!) అక్కణ్ణించి తూర్పుగా తీరం వెంట కాస్త నడిస్తే కెద్రోదాసోస్. పేరుకి అర్థం దేవదారు వనం. నిజానికి ఉన్నవి జూనిపర్ చెట్లు. మెలికలు తిరిగిన మానులు, ఇసుక దిబ్బలు, నీడ. కొట్టు లేదు, కుర్చీ లేదు, కుళాయి లేదు. అందుకే నిశ్శబ్దం. కానీ ఇలా రాయడానికి నాకు కాస్త భయంగానే ఉంది. గుడారాలు వేసి, కొమ్మలు విరిచి మంట పెట్టేవాళ్ళ వల్ల ఆ చెట్లకి ఇప్పటికే తిప్పలు. వెళ్తే నీళ్ళు మోసుకెళ్ళండి, చెత్త మోసుకురండి, రాత్రి ఉండకండి.

రోడ్డు లేని ఊరు

నా మటుకు నేను ఓటేసేది దక్షిణ తీరానికి. అక్కడ తెల్లకొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి. రోడ్డు వేయడానికి చోటే లేదు. లూత్రో అనే పల్లెకి ఇవాళ్టికీ కారు వెళ్ళదు. స్ఫాకియా నుంచి పడవెక్కాలి, లేదా కొండ అంచున కాలిబాట పట్టాలి. ఆ బాటలోనే ఉంది గ్లికా నేరా, అంటే తియ్యనీళ్ళు. పేరు ఊరికే పెట్టలేదు. ఉప్పు సముద్రానికి నాలుగడుగుల దూరంలో గులకరాళ్ళు తవ్వితే తాగే మంచినీళ్ళు ఊరతాయి! కొండలమీద కరిగిన మంచు, కురిసిన వాన సున్నపురాయి లోపలినుంచి దిగి ఇక్కడ తేలతాయి. (అక్కడ కొందరు దొరలూ దొరసానులూ బట్టలు లేకుండా పడుకుంటారు. మీరు సముద్రంకేసి చూడండి, చాలు.)

గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరంనుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. ఉత్తర తీరంలో అలలు లేస్తాయి. దక్షిణాన నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలవు. మోసం అక్కడే! గాలి నేలమీంచి సముద్రంలోకి తోస్తుంది కదా. గాలితో నింపిన పరుపుమీద కళ్ళు మూసుకుని పడుకుంటే, తెరిచేసరికి లిబియా దిక్కుగా పోతుంటారు. మారుమూల తీరాల్లో కాపలా ఈతగాళ్ళెవరూ ఉండరు.

ఎండ అంతకంటే పెద్ద విలన్. 2024 జూన్‌లో సీమీ అనే మరో గ్రీకు ద్వీపంలో, బ్రిటిష్ టీవీలో ఆరోగ్యం గురించి చెప్పే డాక్టర్ మైకేల్ మోస్లీ మధ్యాహ్నపుటెండలో తీరంనుంచి ఒంటరిగా నడుస్తూ బయల్దేరాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన శవం దొరికింది. అంత తెలిసినవాడికే అలా జరిగింది. కాలిబాటలన్నీ పొద్దున్నే. ఒంటరిగా వద్దు. వీలైతే జూలై, ఆగస్టులే వద్దు. సెప్టెంబరులో జనం తగ్గుతారు, నీళ్ళు మాత్రం వెచ్చగానే ఉంటాయి.

గొడుగుల మీద గ్రీకులకే విసుగొచ్చింది లెండి. 2023లో పారోస్ ద్వీపవాసులు, మా తీరంలో మా తువ్వాలు పరుచుకోడానికి చోటేదీ అంటూ ఊరేగింపులు తీశారు. మర్నాటి ఏడాది ప్రభుత్వం చట్టం చేసింది. తీరంలో సగం ఖాళీగా ఉండాలి. కొన్ని తీరాల్లోనైతే కుర్చీ అన్నదే వేయకూడదు. 2024లో ప్రకటించిన ఆ జాబితాలో 198 తీరాలున్నాయి. వాటికి వాళ్ళు పెట్టిన పేరు ‘కాలు మోపని తీరాలు’. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళు మొదట తిరగెయ్యాల్సింది ఆ జాబితానే.

ఇక ఆఖరి చిట్కా. సమరియా లోయలో 16 కిలోమీటర్లు నడిచిన వందలాది మంది మధ్యాహ్నానికి అగియా రూమేలీ తీరంలో తేలతారు. కాళ్ళు నీళ్ళలో పెట్టి, బీరు తాగి, సాయంత్రం పడవకి పరుగెడతారు. మీరు పరుగెత్తకండి. ఊళ్ళో ఓ గది ముందే మాట్లాడుకోండి. పడవ కూత దూరమయ్యాక నల్ల గులకరాళ్ళ తీరం మొత్తం ఖాళీ. డాన్సు రాకపోయినా చూసేవాళ్ళెవరూ ఉండరు.